నేను పుట్టిన సాయంత్రం

నా పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ జూన్ ఒకటి. మా తరగతిలో సగం మంది పుట్టినది ఆ రోజే. బడిలో పేరు రాయించిన నాడు ప్రధానోపాధ్యాయులు నా కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకొమ్మన్నారు. చెవి అందింది. అందింది కనుక ఐదేళ్లు నిండాయని నిర్ణయించి, అందుకు తగిన తేదీని రిజిస్టరులో రాసుకున్నారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఆ తేదీ తప్పని చెప్పగలిగినవారు ఆ గదిలో ఎవరూ లేరు.

ఇరవై ఏళ్లకు పైగా దానితో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. నల్లగొండలో డిగ్రీ, హైదరాబాదులో కంప్యూటర్ల పీజీ పూర్తిచేసి, మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. చిక్కు వచ్చింది ఆ తర్వాతనే, నా పెళ్లి మాటలప్పుడు.

అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, నందికొండ ప్రాజెక్టులో గేట్ల దగ్గర పనిచేసేవాడు. ఆయన కొడుకుకు నన్ను చేసుకోవాలని రెండు ఇళ్లలోనూ మా చిన్నప్పటి నుండి అనుకుంటూనే ఉన్నారు. బావ అక్కడే కాలువల ఆఫీసులో ఉద్యోగంలో కుదిరాడు. అతన్ని తప్ప ఇంకొకరిని చేసుకోనని నేనూ లోలోపల నిశ్చయించుకున్నాను. తీరా మాట ఖాయం చేసుకోవడానికి మామ, అత్తమ్మ నకిరేకల్ దగ్గరి మా ఊరికి వచ్చిన రోజున, టీ గ్లాసు కింద పెట్టి అత్తమ్మ ఒకే మాట అన్నది.

"పిల్ల పెద్దది."

మా వైపు పెళ్లికూతురు పెళ్లికొడుకు కంటే ఒక్కరోజైనా చిన్నదై ఉండాలి. బావ పుట్టిన తేదీలో సందేహం లేదు. అతను ప్రాజెక్టు దవాఖానలో పుట్టాడు. అక్కడ ఇచ్చిన చీటీ వాళ్ల రేకు పెట్టెలో భద్రంగా ఉంది. చీటీ లేనిది నాకు.

"గీ పిల్ల పుట్టిన్నాడు వాడు నా కడుపుల తంతనే ఉండె వదినా," అన్నది అత్తమ్మ. "నేను నిండు మనిషిని. పురుటికి నీళ్లు కాగబెట్టింది నేను గాదా?"

"కాగబెట్టినవ్. నేనెప్పుడు లేదన్న?" అన్నది అమ్మ. "గప్పటికి వాడు పుట్టి ఏడాదైంది. చంకల ఏసుకొని వచ్చి కాగబెట్టినవ్."

"చంకల పిల్లగాన్ని పెట్టుకొని నీళ్ల గుండిగ ఎత్తుతరా ఎవరన్న? నువ్వైతే ఎత్తుతవేమో."

మామ నవ్వబోయి మానుకున్నాడు. "ఇద్దరు గక్కడనే ఉన్నరు, ఇద్దరికి యాది లేదు."

"నాకు యాది ఉన్నది," అన్నది అత్తమ్మ. "మీ అక్కకు అక్కెర ఉన్నది."

అమ్మ ముఖం ఎర్రబడింది. "కొత్తకోటల వేరే సంబంధం చూసుకున్నవట గదా. గదేదో సీదా చెప్పరాదు? నా బిడ్డ వయసెందుకు అడ్డం పెడ్తవ్?"

అత్తమ్మ లేచి చెప్పులు వేసుకుంది. ఆమె గడప దాటితే ఆ మాట మళ్లీ అతకదని నాకు తోచింది. సర్టిఫికెట్ తీసి చూపవచ్చు. దాని ప్రకారం నేను బావ కంటే ఏడాదిన్నర చిన్న. కానీ ఆ తేదీ ఎలా పుట్టిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నేను అత్తమ్మకు అడ్డంగా నిలబడి, నేను పుట్టిన రోజు గురించి ఇద్దరూ ఒప్పుకునేది ఏదైనా ఉందా అని అడిగాను.

ఉంది. అది కంది కోతల కాలం. అమ్మకు నొప్పులు మొదలైనప్పుడు ఆమె కల్లంలో ఉంది. అప్పుడే పొద్దు గూకింది. పడమట నెలవంక, దాని పక్కనే రెండు పెద్ద చుక్కలు. "మూడు ఒక్కతాన గుమిగూడినట్టుండె," అన్నది అమ్మ. "అవు, రెండు చుక్కలు," అన్నది అత్తమ్మ, గుమ్మం దగ్గర నిలబడే. ఇద్దరూ ఒకే ఆకాశాన్ని చెప్పారు. తేడా అంతా అది ఏ సంవత్సరపు ఆకాశమన్న దగ్గరే.

"గట్లైతే గది ఏ దినమో నేను లెక్క కట్టి చెప్తా," అన్నాను. "మూణ్ణెల్లు ఆగుండ్రి."

"లెక్కల మీ అమ్మ గెలిస్తే వచ్చి చెప్తవ్. ఓడితే?"

"ఓడినా వచ్చి చెప్తా అత్తమ్మా."

మాట ఇచ్చినప్పుడు అది ఎంత బరువైనదో నేను ఆలోచించలేదు. పని చేయగలనన్న నమ్మకం మాత్రం ఉంది. పీజీలో నా సహాధ్యాయిని ఒకామె హైదరాబాదులోని విశ్వవిద్యాలయంలోనే పరిశోధన చేస్తూ ఉండేది. అక్కడ వారికి ఈమెయిల్ ఉండేది. అమెరికాలోని ఒక అంతరిక్ష పరిశోధనశాల కంప్యూటరుకు నిర్ణీత పద్ధతిలో ఒక ఉత్తరం పంపితే, ఏ గ్రహం ఏ రోజున, ఏ ఊరి నుండి చూస్తే, ఆకాశంలో ఎక్కడ ఉంటుందో పట్టిక తయారుచేసి అదే తిరుగు ఉత్తరంలో పంపుతుందని ఆమె ఒకసారి నాతో చెప్పింది. అటువైపు మనిషి ఉండడు. మనం అడిగిన రూపంలో చుక్క పెట్టడం మరిచినా జవాబు రాదు.

నేను అడగవలసినవాటిని తెల్లకాగితం మీద పొందికగా రాసి ఆమెకు పోస్టు చేశాను: చంద్రుడు, శుక్రుడు, గురుడు, మూడు శీతాకాలాలు, సరిచూసుకోవడానికి రాబోయే రెండు నెలలు, ప్రతి సాయంత్రం ఏడు గంటలు. అంత వెలుగుతో కనిపించే చుక్కలు ఆ రెండు గ్రహాలే అయి ఉండాలని ముందుగా ఎంచుకున్నాను. నల్లగొండ అక్షాంశ రేఖాంశాలు అట్లాసులో దొరికాయి. ఆ కంప్యూటరుకు మన గడియారం తెలియదు కనుక ఏడు గంటల్లోంచి ఐదున్నర గంటలు తీసివేసి రాశాను. ఆ తీసివేతను మూడుసార్లు సరిచూసుకోవడం నాకు గుర్తుంది. తప్పు జరిగితే అక్కడే జరుగుతుందని నా భయం.

పదిహేను రోజులకు ఒక ఫ్లాపీ బస్సు పార్సిల్లో వచ్చింది. ఆమె దానితోపాటు ఇంకో ఫ్లాపీలో పైథాన్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషను కూడా పెట్టి పంపింది. "నీ సీ భాషలో వారం పట్టేది ఇందులో ఒక పూటలో అవుతుంది" అని చీటీ రాసింది. దాన్ని నేర్పేవారు మహబూబ్‌నగర్‌లో ఎవరూ లేరు. పిల్లలు వెళ్లిపోయిన తర్వాత కాలేజీ ల్యాబులో రోజూ గంటన్నర కూర్చొని, ఫ్లాపీలోనే ఉన్న పాఠాన్ని చదువుకుంటూ నేర్చుకున్నాను. ప్రతి పట్టిక మొదటా చివరా రెండేసి డాలరు గుర్తులు ఉండేవి. వాటి నడుమ వరుసలను మాత్రమే ఎంచి, ప్రతి సాయంత్రం చంద్రునికీ శుక్రునికీ మధ్య కోణాన్ని, చంద్రునికీ గురునికీ మధ్య కోణాన్ని లెక్కించే ప్రోగ్రాము రాశాను. అది సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఆ వారం ఆకాశానికే వేసి చూశాను. హాస్టల్ డాబా ఎక్కి చూస్తే చంద్రుడు లెక్క చెప్పిన చోటనే ఉన్నాడు.

"ఒక్కతాన" అంటే ఎంత దగ్గరో కూడా తేలాలి. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను చేయి చాపి, ఆ రోజు మూడింటినీ ఎంత మేర కప్పగలదో చూపమన్నాను. ఆమె బెత్తెడు చూపింది. కంటి నుండి చేతికి ఉన్న దూరాన్ని, బెత్తె వెడల్పును టేపుతో కొలిచి, ఇంచుమించు తొమ్మిది డిగ్రీలని రాసుకున్నాను.

"బట్టలు కుట్టనీకి కొలిచినట్టు కొలుస్తున్నవేందే," అన్నది అమ్మ.

మిగిలిన సాక్షి అమ్మకు పురుడు పోసిన మంత్రసాని. ఆమె నకిరేకల్‌లో గాజుల దుకాణం నడిపే కొడుకు దగ్గర ఉండేది. మా ఊళ్లో హిందువుల పిల్లలనూ ముస్లింల పిల్లలనూ సగం మందిని ఈ లోకంలోకి తెచ్చింది ఆమె చేతులే. అందరం ఆమెను నానీ అనేవాళ్లం. సంవత్సరం ఆమె చెప్పలేకపోయింది. చంద్రుణ్ణీ, రెండు చుక్కలనూ మాత్రం నేను అడగకముందే చెప్పింది. ఇంకొక మాట కూడా చెప్పింది: అది జుమ్మా రాత్రి. జుమ్మా అంటే శుక్రవారమని మా వైపు ఎవరికైనా తెలుసు. వారం దొరకడం నాకు గొప్ప ఆధారంగా తోచింది. ప్రోగ్రాములో మరొక షరతు చేర్చాను: శుక్రవారం అయి ఉండాలి.

ప్రోగ్రాము ఒక్క వరుస కూడా అచ్చు వేయలేదు.

మూడు శీతాకాలాల్లో ఒక్క శుక్రవారం కూడా ఆ మూడూ బెత్తెడు మేరలోకి రాలేదు. సూత్రాలను మళ్లీ చేత్తో వేసి చూశాను, తప్పు లేదు. శుక్రవారం అన్న షరతును తీసివేస్తే ఏదో ఒకటి వస్తుందని తెలుసు. కానీ ఒక సాక్షి అంత ధీమాగా చెప్పిన మాటను నా సౌకర్యం కోసం కొట్టివేయడం నాకు సమ్మతం కాలేదు. తీసివేసేముందు ఆమెను మళ్లీ అడగాలనుకున్నాను. మరుసటి ఆదివారం మూడు బస్సులు మారి నకిరేకల్ చేరాను.

"నానీ, శుక్రవారం అన్నవు. గట్టిగ యాదికున్నదా?"

"జుమ్మా రాత్రి బేటీ. నీ బొడ్డు కోసి ఇంటికొచ్చి పోయిన పెద్దల పేరు మీద ఫాతెహా ఇచ్చిన. ఎట్ల మరుస్త?"

"తెల్లారి ఏం చేసినవ్?"

"తెల్లారి ఏమున్నది, మా ఆయన అత్తరు పూసుకొని జుమ్మా నమాజుకు పోయిండు."

నేను రాస్తున్న పెన్ను ఆపాను. "శుక్రవారం రాత్రి తెల్లారితే శనివారం గదా నానీ? శనివారం జుమ్మా నమాజు ఎక్కడిది?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఇంత చదివినవ్, గిది తెల్వదా? పొద్దు గూకితే దినం మారుతది. రాత్రి ముందు, పగలు ఎన్క. పండుగ కూడ చంద్రుడు కనబడ్డ కాడికెళ్లే గదా మాకు మొదలు. మరి మీకెట్ల?"

"మాకు పొద్దు పొడిస్తే మారుతది."

"నీ మిషన్‌కు?"

"అర్ధరాత్రి పన్నెండుకు."

"అర్ధరాత్రి లేచి ఎవరు చూస్తరు బేటీ, దినం మారిందా లేదా అని?" అని ఆమె పండ్లు లేని నోటితో నవ్వింది.

ఐదున్నర గంటల తీసివేతను మూడుసార్లు సరిచూసుకున్న నేను, ఆమె రోజు ఎప్పుడు మొదలవుతుందో ఒక్కసారి కూడా అడగలేదు. పక్కపక్క ఇళ్లలో బతికిన మనుషులమే. ఆమె శుక్రవారం అన్న ఆ సాయంత్రం మా లెక్కలో గురువారం. చంద్రుడు ఒక్కరోజులో బెత్తెడు కంటే ఎక్కువే జరిగిపోతాడు. శుక్రవారం నాటికి అతను ఆ చుక్కలను విడిచి పైకి వెళ్లిపోయాడు.

నేను లేవబోతుంటే ఆమె మరొక మాట అన్నది. "గది బక్రీద్ నెల చంద్రుడు. ముందు దినమే చూసినం. రెండో నాటి వంక." దానితో నాకేం అవసరం ఉంటుందనుకోలేదు. అయినా నోటుబుక్కులో రాసుకున్నాను.

సోమవారం ల్యాబులో ఒక్క అంకె మార్చి ప్రోగ్రామును నడిపాను. ఈసారి రెండు వరుసలు వచ్చాయి. రెండూ గురువారాలే. రెండూ కంది కోతల కాలమే. రెండింటిలోనూ నెలవంక, శుక్రుడు, గురుడు దగ్గరదగ్గరగా ఉన్నారు. మొదటిది అత్తమ్మ చెప్పిన శీతాకాలం. దాని ప్రకారం నేను బావ కంటే పందొమ్మిది రోజులు పెద్ద. రెండోది అమ్మ చెప్పిన శీతాకాలం. దాని ప్రకారం నేను ఏడాది పైన చిన్న.

రెండో వరుసనే అచ్చు వేసుకొని వెళితే పెళ్లికి అడ్డు లేదు. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆ వారాంతం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పినప్పుడు ఆమె కూడా ఆ మాటే అన్నది.

"రెండున్నయి గదా. రెండో దాన్ని చూపెట్టు. నేను చెప్పిందే అయింది."

"మొదటిదాన్ని దాసి చూపెడితే అబద్ధమే అమ్మా."

"ఏది నిజమో నీ కంప్యూటర్‌కే తెల్వదాయె. నీకెందుకు గంత పట్టింపు?"

కంప్యూటరుకు తెలియదు నిజమే. నా నోటుబుక్కులో ఉంది. బక్రీద్ పన్నెండు చంద్రులకు ఒకసారి వస్తుంది. నా రెండు సాయంత్రాలకు మధ్య ఉన్నవి పద్నాలుగు చంద్రులు. రెండూ బక్రీద్ చంద్రులు కాలేవు. మహబూబ్‌నగర్ తిరిగి వెళ్లి, అప్పుడు నడుస్తున్న ఏడాది బక్రీద్ నెల నుండి పన్నెండేసి చంద్రులు వెనక్కి లెక్కించే నాలుగు వరుసల ప్రోగ్రాము రాశాను. లెక్క నేరుగా వెళ్లి మొదటి సాయంత్రం మీద ఆగింది. ఇంకోసారి చేత్తో వేశాను. అక్కడే ఆగింది.

అమ్మకు ఉత్తరం రాయకుండా స్వయంగా వెళ్లి చెప్పాను. ఆమె చేటలోని బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "నీ సదువు నీ పెండ్లి చెడగొట్టనీకి వచ్చిందే," అన్నది.

బావ ఆఫీసు పని మీద మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు బస్టాండులో కలిసి అతనికీ చెప్పాను. అతను రెండు కాగితాలనూ చదివి మడిచి నా చేతికి ఇచ్చాడు. "దాయి అని నేను చెప్ప. చెప్పు అని గూడ చెప్ప. నేనేమన్నా నువ్వు చెప్పేదే చెప్తవని ఎర్కే." తర్వాత, "అమ్మ పొద్దున పూట మంచిగుంటది. పొద్దున రా," అన్నాడు.

నేను నందికొండలో వాళ్ల క్వార్టరుకు చేరేసరికి ఉదయం పది. అత్తమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చొని డ్యామ్ చేపలకు పొలుసు తీస్తున్నది. మామ డ్యూటీ దిగి వచ్చి మంచం మీద ఉన్నాడు. గడువు మూడు నెలలకు ఇంకా నాలుగు రోజులు ఉంది. కూర్చోమని ఎవరూ అనకముందే చెప్పాను.

"మీరు చెప్పిందే నిజం అత్తమ్మా. నేను బావ కన్న పందొమ్మిది రోజులు పెద్ద."

కత్తిపీట మీద ఆమె చేయి ఆగలేదు. "మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"నా సదువు నా పెండ్లి చెడగొట్టిందన్నది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను కాగితాలు పరచి రెండు సాయంత్రాలనూ, నానీ చెప్పిన మాటలనూ, పద్నాలుగు చంద్రుల లెక్కనూ వివరించాను. ఆమెకు చదువు రాదు. కానీ ప్రతి వరుస మీద నా వేలు ఎక్కడ ఆగుతున్నదో జాగ్రత్తగా చూసింది. అంతా విన్నాక చేతులు కడుక్కొని, మామ వైపు తిరిగి అన్నది.

"విన్నవా? కొత్తకోటల నాకే సంబంధం లేదు. గా మాట పడ్డ కాడికెళ్లి అన్నం సయిస్తలేదు. నువ్వు గూడ ఒక్క మాట మాట్లాడకపోతివి."

ఆమె నా వైపు తిరిగింది. "ఇగ పెండ్లంటవా. రివాజు రివాజే."

"రివాజు మీది అత్తమ్మా. మీరు వద్దంటే తారీఖు మార్చ. బావను తప్ప వేరేటోన్ని చేసుకోను గూడ."

"బెదిరిస్తున్నవా?"

"లేదు. చెప్తున్న."

ఆమె లేచి చేపలు వండింది. నాకూ వడ్డించింది. నేను తినడం ముగించేదాకా ఎదురుగా కూర్చొని ఉండి, అప్పుడు అడిగింది.

"సర్టిఫికెట్ల ఎంత ఉన్నవ్?"

"ఏడాదిన్నర చిన్న."

"లోకానికి గదే ఉండనీ. ఇంట్ల మనకు తెలిస్తే సాలు. బయట ఎవ్వలకు చెప్పకు."

నేను చేయి కడుక్కోకుండానే ఆలోచించాను. ఆమె ఇస్తున్నది ఏమిటో నాకు అర్థమైంది. అడుగుతున్నది కూడా అర్థమైంది. "అడిగినోళ్లకు చెప్తా అత్తమ్మా."

"అడగకపోతే?"

"అడగకపోతే చెప్ప."

"ఎవరడుగుతరే," అన్నది అత్తమ్మ, నా కంచం తీస్తూ. "సర్కారు ముద్ర ఉన్నంక."

మామ బొగ్గుతో గోడ మీద ఏవో అంకెలు వేసి, పంతులు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో చూస్తున్నాడు. మా పెళ్లి ఆ మాఘంలో జరిగింది. అమ్మ, అత్తమ్మ పందిట్లో ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో నా వయసును ఆఫీసులు అడిగాయి, బ్యాంకులు అడిగాయి. అన్నిటికీ కాగితమే చాలింది. ఏ సాయంత్రం పుట్టావని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇది రాయడానికి ముందు మా ఒప్పందం సంగతి అత్తమ్మకు గుర్తుచేసి అనుమతి అడిగాను. "ఇగ మనల్ని ఎవరేమంటరు, రాసుకో," అన్నది.